విద్యార్థి సభ్యులు: రాలేదు

పాలక మండలి సమావేశం పదకొండు గంటలకు మొదలవుతుంది. దాని మినిట్స్ నేను ముందు రోజు సాయంత్రమే రాసి పెట్టేస్తాను. నన్ను అలా చూడకండి. మా యూనివర్సిటీలో ఇదే పద్ధతి. నాకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్నాయన నాకు నేర్పిన మొదటి పాఠం కూడా ఇదే. ఎజెండాలో ముప్పై అంశాలుంటే మొదటిదాని మీద గంటన్నర మాట్లాడతారు. అది ఎప్పుడూ కార్లు ఆపుకునే చోటు గురించే అయ్యుంటుంది. తర్వాత టీ వస్తుంది. టీ అయ్యాక వీసీగారు గడియారం చూసి, "మిగతావన్నీ ఓకేనా?" అంటారు. అందరూ ఓకే అంటారు. ఇరవై తొమ్మిది అంశాలు ఒక్క మాటతో గట్టెక్కుతాయి. అలాంటప్పుడు "చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని ముందే రాసుకుంటే ఎవరి సొమ్ము పోయింది?

ఏ కోర్సు పెట్టాలి, ఏది ఎత్తెయ్యాలి, ఎవరిని తీసుకోవాలి, అన్నీ ఆ మండలిలో తేలాల్సిందే. పదిహేను మంది సభ్యులు. వీసీగారు అధ్యక్షులు, రిజిస్ట్రారుగారు కార్యదర్శి. నేను మండలి సెక్షన్ సూపరింటెండెంట్‌ని. ఎజెండా నోట్లు రాసేదీ నేనే, మినిట్స్ రాసేదీ నేనే. కిటికీ పక్కన నాకో చిన్న బల్ల ఉంటుంది. అక్కడినుంచి చూస్తే మేం కునుకు డాక్టరుగారని పిలుచుకునే సభ్యులు ఏ అంశం దగ్గర నిద్రలోకి జారుకున్నారో స్పష్టంగా కనిపిస్తుంది. ఆయన్నీ "చర్చించిన" వాళ్ళలోనే వేస్తాను.

పదిహేడేళ్ళు హాయిగా గడిచింది. తర్వాత మా అత్తగారు డిగ్రీలో చేరారు.

మా అత్తగారిది కుట్టుపని. యూనివర్సిటీ రెండో గేటు ఎదురుగా ఆవిడ షాపు. మెడలో టేపు లేకుండా ఆవిడని చూసినవాళ్ళు లేరు, అందుకే ఊరంతా టేపమ్మ అంటారు. ముప్పై ఏళ్ళుగా స్నాతకోత్సవానికి పిల్లలు వేసుకునే నల్ల గౌన్లు ఆవిడే కుడుతున్నారు. "ఎంతమందికని కుడతాను, నాక్కూడా ఒకటి కావాలి" అని యాభై ఎనిమిదో ఏట సాయంకాలం కాలేజీలో పేరు రాయించుకున్నారు. షాపు మూసి, ఆరింటికి క్లాసుకి వెళ్తారు. రెండేళ్ళయింది. ప్రభుత్వ పాలన ఆవిడ సబ్జెక్టు. రెండేళ్ళూ క్లాసులో ఫస్టు. ఇంక ఒక్క ఏడాది ఉందనగా తన కొలతలతో ఒక గౌను గుడ్డ కత్తిరించి బీరువాలో పెట్టుకున్నారు కూడా.

ఒకరోజు కాజాలు కుడుతూ అడిగారు.

"అమ్మాయ్, మీ మండలిలో విద్యార్థి సభ్యులు ఒకరుంటారటగా. ఎవరు?"

"ఉంటారత్తయ్యా. కానీ రారు."

"ఎందుకు రారు?"

మినిట్స్ మొదటి పేజీలో "విద్యార్థి సభ్యులు: రాలేదు" అని ఒక వరస ఉంటుంది. పోయినసారి మినిట్స్‌లోంచి ఈసారికి, ఈసారిదాంట్లోంచి వచ్చేసారికి దించుకుంటూ వస్తున్నాను. ఎందుకు రాలేదో నాకేం తెలుసు? మర్నాడు పాత ఫైళ్ళు దులిపాను. ఇరవై రెండేళ్ళ కిందట చివరి విద్యార్థి సభ్యుడి గడువు అయిపోయింది. ఆ తర్వాత ఎవరినీ వేసుకోలేదు, ఎవరికీ కబురు పంపలేదు. ఏటా ఆరు సమావేశాల చొప్పున, పిలవనివాళ్ళు రాలేదని మేం రాసుకుంటూ పోయాం.

ఇంటికొచ్చి చెబితే అత్తగారు యూనివర్సిటీ చట్టం పుస్తకం తెరిచి పెట్టారు. అది ఆవిడకి పాఠ్యపుస్తకమట. నేను ఆ చట్టం కిందే జీతం తీసుకుంటున్నా ఎప్పుడూ మొదటి పేజీ దాటలేదు.

"ఇదిగో చూడు. విద్యార్థి సభ్యత్వం కాలేజీలకి వంతులవారీగా వస్తుంది. వరస లెక్కేస్తే ఈ ఏడు సాయంకాలం కాలేజీ వంతు. అందులో ఎక్కువ మార్కులొచ్చినవాళ్ళు సభ్యులవుతారు."

"ఎవరో పాపం, ఆ ఎక్కువ మార్కులొచ్చిన పిల్ల," అన్నాను.

ఆవిడ దారం పంటితో తెంపి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు.

రిజిస్ట్రారుగారు మంచివారు. మనుషులకి భయపడరు గానీ కాగితానికి భయపడతారు. చట్టంలో ఆ సెక్షన్ మూడుసార్లు చదివి, "పిలవాల్సిందేనమ్మా, రేపు ఎవరైనా కోర్టుకి వెళ్తే మన కొంప మునుగుతుంది" అన్నారు. ఆహ్వానం నేనే టైపు చేశాను, మా ఇంటి చిరునామాకి నేనే పోస్టు చేశాను, రెండ్రోజుల తర్వాత మా గుమ్మంలో నేనే సంతకం పెట్టి తీసుకున్నాను. మా ఆయన చూసి, "చేత్తో ఇస్తే పోయేదిగా" అన్నారు. ఆఫీసు పద్ధతులు ఆయనకేం తెలుసు.

అంతవరకూ అంతా సరదాగానే ఉంది. ఆ వారంలోనే ప్రణాళిక విభాగం నుంచి ఒక ఫైలు వచ్చింది. సాయంకాలం కాలేజీని జూన్ నుంచి మూసేయాలి, ఆ గదులు కొత్త కంప్యూటర్ ల్యాబ్‌కి ఇవ్వాలి, ఉన్న నలభై ముగ్గురినీ పగటి క్లాసులకి మార్చాలి. పగలు క్లాసుకి వెళ్తే షాపెవరు తీస్తారు? అత్తగారి డిగ్రీ రెండో ఏడుతోనే ఆగిపోతుంది.

"నోట్ రాసి ఎజెండాలో కలపండమ్మా," అన్నారు రిజిస్ట్రారుగారు.

రాశాను. ఇంట్లో ఈ సంగతి ఎలా చెప్పాలా అని నా బుర్ర తిరుగుతోంది, చెయ్యి తన అలవాటున తను రాసుకుపోయింది. పదిహేడో అంశంగా కలిపి పంపేశాను.

సభ్యులందరికీ వెళ్ళినట్టే ఎజెండా కట్ట అత్తగారికీ వచ్చింది. ఆవిడ చదివారు. మిషను మీంచి కాలు తీసేశారు. కాసేపటికి, "గదులే కావాలంటే పగలు వాళ్ళు వాడుకుని సాయంత్రం మాకివ్వచ్చుగా," అన్నారు, ఎవరితోనో అన్నట్టు. నేను కూరగాయల బుట్టలో తల దూర్చాను. ఇద్దరు ఆడవాళ్ళ మొహాలూ చూసి మా ఆయన వంటింట్లోకి వెళ్ళి తనే అన్నం వండారు.

సమావేశం రోజు వచ్చింది. అత్తగారు ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చారు గానీ మెడలో టేపు తీయడం మరిచిపోయారు. కునుకు డాక్టరుగారు ఆవిడకి నమస్కారం పెట్టి, తన కోటు భుజం దగ్గర పట్టేస్తోందని చెప్పుకున్నారు. కార్ల చోటు గురించి గంటా పది నిమిషాలు మాట్లాడారు. టీ వచ్చింది. వీసీగారు గడియారం చూశారు.

"మిగతావన్నీ ఓకేనా?"

నేను అప్పటికే రాసి తెచ్చిన మినిట్స్ మీద పెన్ను మూసేశాను.

"పదిహేడోది ఓకే కాదండి," అన్నారు అత్తగారు.

ఆ గదిలో అంతకుముందెప్పుడూ అలాంటి మాట ఎవరూ విని ఉండరు. వీసీగారు నోట్ వెతుక్కుని, "చెప్పండమ్మా" అన్నారు.

"ఇందులో 'విద్యార్థులతో సంప్రదించిన మీదట' అని ఉందండి. మేం నలభై ముగ్గురం. వారం రోజులుగా క్లాసులో ఒక్కొక్కరినీ అడిగాను. మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదన్నారు. మీరు ఎవరితో సంప్రదించారో చెబితే వాళ్ళతో నేనూ మాట్లాడతాను."

చేతి పొడవెంతో కనుక్కున్నట్టు మామూలుగా అడిగారు. వీసీగారు రిజిస్ట్రారుగారి వైపు చూశారు. రిజిస్ట్రారుగారు నా వైపు చూశారు. ఆ వాక్యం నాది. ఏ కోర్సు మూసే నోట్ అయినా మా దగ్గర ఆ వాక్యంతోనే మొదలవుతుంది. మొన్న కూడా చెయ్యి దాన్నే రాసేసింది.

ప్రణాళిక విభాగం వాళ్ళు పంపిందండి అంటే సరిపోయేది. వాళ్ళు ఆ గదిలో లేరు. అత్తగారు నా వైపు చూడటం లేదు, కాగితం వైపే చూస్తున్నారు. నేను లేచి నిలబడ్డాను.

"అది నేను రాశానండి. ఎవరినీ అడగలేదు. పాత నోట్లలో ఉండే వాక్యం, అలవాటుకొద్దీ రాసేశాను."

కునుకు డాక్టరుగారు నిటారుగా కూర్చున్నారు. వీసీగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అయితే దీన్ని పక్కన పెట్టండి. ముందు ఆ నలభై ముగ్గురినీ అడిగి, వాళ్ళేమన్నారో రాసి, అప్పుడు తీసుకురండి," అన్నారు.

మధ్యాహ్నం రిజిస్ట్రారుగారు నన్ను గదికి పిలిచి తలుపు వేశారు.

"కూర్చోండమ్మా. మినిట్స్‌లో 'వాయిదా వేయడమైనది' అని ఒక్క ముక్క రాయండి. చాలు."

"వీసీగారు ఇంకా చాలా చెప్పారండి."

"చెప్పారు. మీరూ చెప్పారు. అదంతా రాస్తే, అడగకుండా అడిగామని రాసినందుకు మీకు నేను మెమో ఇవ్వక తప్పదు. ఈ ఏడు మీ ప్రమోషన్ ఉంది. నాకు మిమ్మల్ని ఇబ్బంది పెట్టాలని లేదు."

నిజంగానే లేదు, ఆయన మొహంలో తెలుస్తోంది. కానీ ఉత్త వాయిదా సంగతి నాకు తెలుసు. వాయిదా పడ్డ అంశం వచ్చే సమావేశంలో అదే నోట్‌తో మళ్ళీ వస్తుంది, అత్తగారొక్కరు కాదన్నా పద్నాలుగు మంది ఓకే అంటారు. అదే అందరినీ అడిగి రమ్మన్నారని రాస్తే, దానికో కమిటీ వెయ్యాలి. మా యూనివర్సిటీలో ఏ కమిటీ ఏడాదిలోపు తేల్చిన పాపాన పోలేదు. ఆ లోపు అత్తగారి చదువు పూర్తవుతుంది.

సాయంత్రం ఇంటికెళ్ళగానే ఆవిడ మీద విరుచుకుపడ్డాను.

"ఇంట్లోనే నన్నో మాట అడిగితే ఏం పోయేదత్తయ్యా?"

"ఇంట్లో అడిగితే అది అత్తాకోడళ్ళ మాటవుతుంది. అక్కడ అడిగితేనే రాసుకోవాల్సిన మాటవుతుంది," అన్నారు. అని, గొంతు తగ్గించారు. "అది నువ్వు రాశావని నాకు తెలీదే. ఆ ప్రణాళికవాళ్ళు రాశారనుకున్నాను. తెలిస్తే నోరు విప్పేదాన్ని కాదేమో."

మెమో సంగతి, ప్రమోషన్ సంగతి అన్నీ చెప్పేశాను. ఆవిడ కాసేపు టేపు వేలికి చుట్టుకుంటూ విప్పుతూ కూర్చున్నారు.

"వాయిదా అనే రాసెయ్. పంతొమ్మిదేళ్ళు చాకిరీ చేశావు, నా మూలంగా పోగొట్టుకోకు. డిగ్రీ లేదని షాపుకి జనం రావడం మానేస్తారా ఏంటి?"

నవ్వుతూనే అన్నారు. ఆ నవ్వు చూసి నాకు ఆవిడ మీద కోపం పోయి నా మీద వచ్చింది.

మర్నాడు ఆఫీసు తెరిచే వేళకే వెళ్ళి, ముందే రాసి పెట్టుకున్న మినిట్స్‌లో ఆ పేజీ చింపేశాను. అక్కడ పదిహేడో అంశం ఏకగ్రీవంగా ఆమోదం పొంది ఉంది. ఖాళీ కాగితం ముందు కూర్చుంటే చెయ్యి కదల్లేదు. జరిగినదాన్ని జరిగాక రాయడం నాకు కొత్త. విద్యార్థి సభ్యురాలు ఏమడిగారో, నోట్ రాసిన సూపరింటెండెంట్ ఏం ఒప్పుకున్నారో, అధ్యక్షులు ఏం చెయ్యమన్నారో, ఆరు వాక్యాలు రాయడానికి మధ్యాహ్నమైంది. రిజిస్ట్రారుగారు చదివి నిట్టూర్చి సంతకం పెట్టారు. సాయంత్రానికి మెమో వచ్చింది. నెల తిరగకుండా ప్రమోషన్ నాకంటే నాలుగేళ్ళు చిన్నావిడకి వెళ్ళింది. ఏడవలేదని చెప్పను. స్టోర్ రూములో కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చాను.

ఇంట్లో మాత్రం చెప్పలేదు. అత్తగారు అడగనూ లేదు. వాయిదా అనే రాసుంటానని ఆవిడ నమ్మకం. తర్వాతి సమావేశానికి వారం ముందు, తనకని దాచుకున్న గౌను గుడ్డ తీసి ఎవరో పొట్టిగా ఉన్న అమ్మాయి కొలతకి సరిచేస్తుంటే చూశాను. అప్పుడు కూడా నోరు విప్పలేదు. చెబితే నా ప్రమోషన్ కోసం ఆవిడ రిజిస్ట్రారుగారి దగ్గరికి పరిగెత్తుతారు.

తర్వాతి సమావేశంలో మామూలుగానే పాత మినిట్స్ ప్రతులు బల్ల మీద అందరి ముందూ పెట్టాను. వీసీగారు, "గత సమావేశం మినిట్స్. సవరణలేమైనా ఉన్నాయా?" అన్నారు. ఎవరూ పేజీ తిప్పరు. అత్తగారు తిప్పారు. పదిహేడో అంశం దగ్గర ఆగారు. చదివారు. మళ్ళీ మొదటినుంచి చదివారు. వేలు నా హోదా రాసున్న వాక్యం మీద నిలిచిపోయింది.

"ఏమ్మా, సవరణ ఏమైనా ఉందా?" అన్నారు వీసీగారు.

అత్తగారు తలెత్తి నా బల్ల వైపు చూశారు. కళ్ళనిండా నీళ్ళున్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"లేదండి. జరిగింది జరిగినట్టే రాశారు."

నా కళ్ళకి అక్షరాలు సరిగ్గా ఆనలేదు. అయినా తల వంచుకుని, ఆవిడ అన్న మాట అన్నట్టే రాసుకున్నాను.