బి సెక్షన్‌కు త్రాసు

మూడో పీరియడ్ సగంలో ఉండగానే ఆమె గొంతు బొంగురుపోయింది. బల్ల మీద చెయ్యి ఆన్చి, శిక్షణ కాలేజీ మేడమ్ ఇచ్చిన కాగితంలోని వాక్యాన్నే మళ్ళీ చదివింది. "సమానం గుర్తుకు రెండు పక్కలా ఉన్న విలువ ఒకటే కావాలి." పిల్లలు ఆ ముక్కను గడగడా అప్పజెప్పారు. రేకుల కప్పు కింద గాలి కదలడం లేదు. తెల్లవారినప్పటి నుంచి ఇస్త్రీ బల్ల దగ్గర, ఆ తర్వాత బస్సులో నిలబడే ఉన్న కాళ్ళు తనవి కానట్టున్నాయి.

ఎనిమిదికి నాలుగు కలిపితే ఎంతో, ఒక ఖాళీ గడికి ఐదు కలిపినా అంతే రావాలన్న లెక్కను బోర్డు మీద అంకెల్లో వేసింది. గడిలో ఏం రాయాలని అడిగింది.

"పన్నెండు!" అంది గదంతా ఒక్క గొంతుతో. ఏడని ఒక్కరూ అనలేదు.

గోడకవతల 'ఏ' సెక్షన్‌లో నవ్వులు వినిపించాయి. అక్కడ త్రాసు ఉంది. ఒకే బరువున్న ఇనుప నట్లు రెండు పళ్ళేల్లో వేసుకుంటూ పిల్లలు ఇదే లెక్క చేస్తున్నారు. అక్కడ పాఠం చెప్పేది పొట్టి అని అందరూ పిలిచే అమ్మాయి. ఉపాధ్యాయ శిక్షణలో ఈమెతో ఒకే బెంచీలో కూర్చునే పిల్ల. ఈమె మాత్రం పెళ్ళై, కూతుర్ని బడిలో వేశాక శిక్షణలో చేరింది కాబట్టి శిక్షణ తరగతి మొత్తం అక్క అనే పిలుస్తుంది.

పిల్లలు లెక్కలు ఎలా ఆలోచిస్తారన్న మేడమ్ పరిశోధనలోకి తమను తీసుకున్న రోజు అక్క ఇంటికి గాల్లో తేలుతూ వెళ్ళింది. "రేపు టీచర్లయ్యాక మా పుస్తకాలు చదవడం కాదు. ఇప్పుడే నాతో కలిసి కనిపెట్టండి" అన్నారు మేడమ్. మొదటి వారమంతా ఒక్కో పిల్ల పక్కన కూర్చుని, ఆ జవాబు ఎలా వచ్చిందో అడిగి రాసుకోవడమే పని. ఆ పని అక్కకు ఎంతో నచ్చింది. తన చిన్నప్పుడు తప్పు రాస్తే తిట్టినవాళ్ళున్నారు గానీ, ఎందుకలా రాశావని అడిగినవాళ్ళు లేరు. తర్వాత చీటీ వేశారు. ఏ సెక్షన్‌కు త్రాసు, బి సెక్షన్‌కు కాగితం. చివర్లో రెండు గదులకూ ఒకే పరీక్ష.

గంట కొట్టగానే కిటికీ వరసలోంచి వసపిట్ట లేచొచ్చింది. నోరు మూతపడదని ఆ పిల్లకు తరగతి పెట్టిన పేరు.

"టీచర్, మాకెప్పుడిస్తారు ఆ త్రాసు?"

"పరీక్ష అయిపోయాక మీకూ ఇస్తారమ్మా."

"అప్పటికి మేముండం కదా! కంకర క్రషర్ మూసేస్తున్నారు. మా అమ్మావాళ్ళు సామాన్లు కట్టేస్తున్నారు. ఆదివారం లారీ వస్తుందంట."

"మీ ఒక్క ఇంటివాళ్ళేనా?"

"ఈ వరసంతా, టీచర్." వసపిట్ట వేలితో కిటికీ పొడుగునా గీత గీసినట్టు చూపించింది. "మాకు త్రాసు రాదని నాకు ముందే తెలుసులే" అని నవ్వేసి నీళ్ళకు పరిగెత్తింది. ఏడ్చినా బాగుండేదనిపించింది అక్కకు.

స్టాఫ్ రూంలో మేడమ్ కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని కణతలు నొక్కుకుంటున్నారు. అక్క సంగతి చెప్పింది.

"చీటీ వేసే కదమ్మా ఎంచాం. నేనేమైనా పక్షపాతం చూపించానా?"

"చీటీ నిజమే మేడమ్. కానీ ఆలస్యంగా చేరిన కూలోళ్ళ పిల్లలందర్నీ బి లో వేసింది చీటీ కాదు కదా."

మేడమ్ కళ్ళజోడు దించి పెట్టుకున్నారు. "నాకు తెలీదనుకున్నావా? పోల్చి చూపిస్తే తప్ప పైవాళ్ళు ఏ బడికీ ఈ త్రాసులివ్వరు. ఈ ఒక్క అనుమతి కోసం నా చెప్పులు అరిగిపోయాయి. పరీక్ష శనివారానికి జరుపుతాను. వాళ్ళు వెళ్ళేలోపు రాసేస్తారు."

"అంటే వాళ్ళ తప్పు జవాబులు మనం తీసుకుని, వాళ్ళను ఉత్త చేతుల్తో పంపిస్తామా?"

"అప్పటిదాకా ఏమీ మార్చకు. నీ మార్కులు నా చేతిలో ఉన్నాయన్న మాట నా నోట అనిపించకు" అన్నారు మేడమ్. ఆ గొంతులో కోపం కన్నా అలసటే ఎక్కువుంది.

సాయంత్రం అత్త ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు ఊదుతూ కోడలి వంక చూసింది.

"చొక్కాల ముడతలు తియ్యగలను గానీ, నీ మొహం మీది ముడత ఏ పెట్టెతో తియ్యనే తల్లీ?"

అక్క అంతా చెప్పింది. అత్త నవ్వు ఆగిపోయింది.

"ఎవరి పిల్లలో, ఎటు పోతారో. నువ్వు తల వంచుకుని ఈ ఏడాది గట్టెక్కించు. నా నడుం ఇంకెన్నాళ్ళు నిలబడుతుంది చెప్పు?"

అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అత్త చేతిలోంచి పెట్టె అందుకుని, అక్క మిగిలిన చొక్కాలన్నీ తనే పూర్తిచేసింది.

శుక్రవారం ఏ సెక్షన్ పిల్లలు ఆటలకు వెళ్ళగానే అక్క ఆ గదిలోకి వెళ్ళి త్రాసు తీసుకుంది. నట్ల డబ్బా సర్దుతున్న పొట్టి తెల్లబోయింది.

"అక్కా, ఏం చేస్తున్నావ్? బి వాళ్ళు దాన్ని ముట్టుకుంటే ఇంక పోలికెక్కడిది? నా రిపోర్టంతా దాని మీదే. నా ఏడాది పోతుందక్కా."

"తెలుసు" అంది అక్క. డబ్బా కూడా అడిగింది. పొట్టి ఇవ్వలేదు. తనే తీసుకుంది.

బి సెక్షన్‌లో త్రాసు బల్ల మీద పెట్టేసరికి పిల్లలంతా మెడలు చాచారు. ఎడమ పళ్ళెంలో ఎనిమిది నట్లు, మరో నాలుగు. కుడివైపు ఐదు. వసపిట్ట ముందుకొచ్చి, పన్నెండు లెక్కపెట్టి కుడి పళ్ళెంలో పోసింది. పళ్ళెం ధన్‌మని బల్లకు తగిలింది. ఎవరూ నవ్వలేదు.

"ఎక్కువైపోయాయి" అంది ఆ పిల్ల మెల్లగా, తనలో తాను. ఒకటి తీసింది. చూసింది. ఇంకొకటి తీసింది.

అప్పుడు గుమ్మంలో మేడమ్ నిలబడ్డారు. చేతిలో శనివారం పరీక్ష కాగితాల కట్ట ఉంది.

"ఆపమ్మా."

"ఆపను మేడమ్."

గొంతు బొంగురుపోయి ఉండటంతో ఆ మాట అక్క అనుకున్నంత గట్టిగా రాలేదు. అయినా మేడమ్‌కు వినిపించింది.

"ఏం పోగొడుతున్నావో తెలుస్తోందా?"

"తెలుస్తోంది. మీరు రేపు పరీక్ష పెట్టుకోండి. వీళ్ళు త్రాసు చూడలేదని రాసిన కాగితం మీద మాత్రం నేను సంతకం పెట్టను."

వెనక వరసలవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ బల్ల చుట్టూ మూగారు. వాళ్ళకు చోటిచ్చి అక్క పక్కకు జరిగింది. మేడమ్ లోపలికి రాలేదు, వెళ్ళిపోనూ లేదు. ఆవిడ భుజం వెనక పొట్టి నిలబడి ఉంది. అక్క ఆ పిల్ల మొహంలోకి మాత్రం చూడలేకపోయింది.