హసింతో బొమ్మ

సరిహద్దు దగ్గర వాసన పసిగట్టే తనిఖీ కుక్క వచ్చి పెట్టె ముందు చతికిలబడినప్పుడు ఫౌస్తినాకు ఏమీ అర్థం కాలేదు. బంగాళాదుంప వాసన తగిలిందేమో అనుకుంది. పెరూ దేశంలోని అయకూచోలో బొమ్మల పెట్టెలు చేసేవాళ్లందరిలాగే ఆమె కూడా ఉడికిన దుంప, సుద్దపొడి కలిపిన ముద్దతోనే బొమ్మలు చేస్తుంది. వాటిని రెండు తలుపుల చెక్కపెట్టెలో నిలబెడుతుంది.

ఈ పెట్టె చిలీకి వెళ్తోంది. మనుషుల్ని ఇళ్లలోంచి పట్టుకుపోయిన రోజులు అక్కడా ఉన్నాయి, ఇక్కడా ఉన్నాయి. పోయిన తమవాళ్ల బొమ్మలను గుడ్డముక్కల మీద కుట్టి అక్కడి ఆడవాళ్లు అయకూచోకి పంపారు. బదులుగా ఇక్కడినుంచి ఒక పెట్టె వెళ్లాలి. ఫౌస్తినా తన వాకిలినే అందులో పెట్టింది. పొయ్యి, కోళ్లు, అమ్మ, తను, మధ్యలో తమ్ముడు హసింతో. ఆ రోజుల్లోనే సైనికులు వాణ్ణి లాక్కుపోయి ఇల్లు తగలబెట్టారు. ఎటు తీసుకెళ్లారని అమ్మ అడిగితే, కోళ్ల గూటి వెనక నక్కిన ఫౌస్తినా చూడలేదంది. ఒక్క ఫొటో కూడా మిగల్లేదు. పాడు లోకం, మనిషినీ ఉంచలేదు, మొహాన్నీ ఉంచలేదు.

ఆ మొహం తల్లి నికొలాసా వేళ్లలో మాత్రం ఉంది. ఆమెకు చూపు పోయి చాలాకాలమైంది. పచ్చి ముద్దను తడుముతూ కూతుర్ని సాధించింది.

"వాడికంత చక్కని ముక్కెక్కడిదే? మీ నాన్న ముక్కు, చప్పిడిది. ఇంకా నొక్కు."

"ఇంకా నొక్కితే పందిముక్కవుతుందమ్మా."

"అవనీ. నా పంది, నా ఇష్టం."

ఆ పూట ఇద్దరూ కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు. ఆ తర్వాత ముసలామెకు చేతులు పడిపోయాయి. ఇప్పుడు గ్లాసు కూడా పట్టుకోలేదు. ఆ మొహం మళ్లీ చేయడం ఇక ఎవరి తరమూ కాదు.

తనిఖీ అధికారి ఒక్కో బొమ్మనూ చూసుకుంటూ వచ్చి హసింతో దగ్గర ఆగాడు. ముద్ద ఎండి బీట తీసిన చోట ఆకు నలకలు కనిపించాయి.

"ఇదేంటి పెద్దమ్మా? కోకా ఆకు కదూ?"

అది అమ్మ పనేనని ఫౌస్తినాకు అప్పుడర్థమైంది. ప్రయాణమయ్యేవాడికి కోకా ఆకు ఇవ్వకుండా వాళ్ల ఊళ్లో ఏ తల్లీ గడప దాటనివ్వదు. హసింతో ఒట్టి చేతులతో పోయాడని ముసలామె ఇన్నేళ్లూ కుమిలిపోయింది. వాడి బొమ్మ ప్రయాణం కడుతోందని తెలిసి, ఎవరికీ చెప్పకుండా ముద్దలో ఆకు నలిపి కలిపేసింది. ఊళ్లో అందరూ నమిలే ఆకే, కొకెయిన్ దాన్నుంచే తీస్తారని, సరిహద్దు దాటితే నేరమని ఆమెకెవరు చెప్పారు?

"ఆకు తీసేస్తాను బాబూ."

"ముద్దలో కలిసిపోయింది, ఎలా తీస్తావు? పెట్టె వెళ్లొచ్చు. ఈ బొమ్మ ఒక్కటే ఉండిపోవాలి. కాల్చేస్తాం."

"పోనీ, ఇంటికి పట్టుకుపోతాను."

"దొరికాక తిరిగివ్వకూడదమ్మా. నీమీద కేసు రాయట్లేదు, సంతోషించు."

మనిషి చెడ్డవాడేమీ కాదు. అందుకే ఆమెకు ఒళ్లు మండిపోయింది. నోరారా తిట్టుకునే వీలు కూడా లేకుండా చేశాడు.

"నువ్వు ముట్టుకోకు. నేనే తీస్తాను."

పాదాల కింద జిగురు చాకుతో వదిలించి, తమ్ముణ్ణి రెండు చేతులా ఎత్తి ఇచ్చింది. అతను వాణ్ణి సంచిలో వేసి మూతి కట్టి, వెనక గదిలోకి తీసుకెళ్లాడు. ఆ తలుపు మూసుకునేదాకా ఆమె కళ్లు తిప్పలేదు.

పెట్టెను బస్సెక్కించి ఇంటికి ఫోన్ చేసింది. పక్కింటామె ఫోన్ ముసలామె చెవి దగ్గర పెట్టింది.

"దాటాడా?"

అబద్ధం చెబుదామనే అనుకుంది ఫౌస్తినా. నోరు రాలేదు.

"పెట్టె దాటిందమ్మా. వాణ్ణి ఆపేశారు."

"ఎవరు? యూనిఫాం వాళ్లేనా?"

"ఊఁ."



"ఎటు తీసుకెళ్లారో చూశావా?"

"చూశానమ్మా. ఈసారి చూశాను."

"పోన్లే. ఈసారి ఒట్టి చేతులతో పోలేదులే. నేను ఆకు పెట్టాను, నీకు చెప్పలేదు."

"మంచి పని చేశావమ్మా," అంది ఫౌస్తినా.