హౌజు నీళ్లు

మా నాయిన సిద్దిరాములు మాటిస్తే తప్పడు. మాటివ్వడమే అరుదు కాబట్టి తప్పే అవసరం కూడా రాదని మా అమ్మ ఎలీషమ్మ ఎత్తిపొడుస్తుంది. రావల్కోల్ దగ్గర ఒక ద్రాక్షతోటకు ఆయన కాపలాదారు. మోటరు వేసేదీ ఆయనే, పందిరికి తీగలు కట్టేదీ ఆయనే. పొద్దున లేస్తే ఎల్లమ్మకు దండం పెట్టుకునేవాడు. అమ్మ ప్రార్థనకు వెళ్తే ఏనాడూ వద్దనలేదు కానీ, తాను మాత్రం అమ్మ వెళ్లే గుడి గడప తొక్కలేదు. ఒక్కసారి తప్ప.

ఆ ఒక్కసారి నాకోసమే. తొంభై ఒకటిలో నేను పుట్టాక, గౌడవెల్లిలోని మా చిన్న సంఘంలో నన్ను ప్రతిష్ఠ చేశారు. ప్రతిష్ఠ అంటే పసిబిడ్డను దేవుని సన్నిధికి ఎత్తుకొచ్చి, ఇది నువ్విచ్చిన బిడ్డ, నీ దారిలో పెంచుతాం అని కన్నవాళ్లు మాటివ్వడం. అందులో నీళ్ల పని ఉండదు. బాప్తిస్మం వేరు. బిడ్డ పెద్దయి, తనంతట తాను నమ్మి అడిగితేనే నీళ్లలోకి దించుతారు. నాయినకు ఈ తేడా ఎవరూ చెప్పలేదు. నా నెత్తి మీద నీళ్లు పోస్తారనుకుని, తుడవడానికి తువ్వాలు భుజాన వేసుకుని, సైకిలు పట్టుకుని బయటే నిలబడ్డాడట.

లోపల పాస్టరు సాలోమోను అయ్యగారు, ఈ బిడ్డను దేవుని కోసం పెంచుతారా అని అడిగారు. అమ్మ పెంచుతానంది. అయ్యగారు తండ్రి కోసం గుమ్మం వైపు చూశారు. నాయిన చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికొచ్చాడు.

"పెంచుత. నా బిడ్డను నేను గాక ఎవరు పెంచుతరు?" అన్నాడు.

పేరేమిటని అడిగితే, అమ్మ నోరు తెరిచేలోపే పద్మజ అనేశాడు. అమ్మ మనసులో దాచుకున్న రేచల్ అక్కడే ఆగిపోయింది. ఆ ఉక్రోషం అమ్మకు ఇప్పటికీ ఉంది. పొడి తువ్వాలు పొడిగానే ఇంటికి తిరిగొచ్చింది.

ఇక ఆ మాట వల్ల, ఊహ తెలిసినప్పటి నుంచి నాకు ఆదివారం సెలవు లేకుండా పోయింది. ఎండైనా వానైనా సైకిలు మీద సండే స్కూలుకు తీసుకెళ్లేవాడు. కడుపునొప్పి అని దొంగవేషాలు వేస్తే, "మాటిచ్చిన, లే" అనేవాడు. నేను వాక్యాలు అప్పజెప్పి వచ్చేదాకా బయట కల్వర్టు మీద బీడీ కాల్చుకుంటూ కూర్చునేవాడు. అమ్మ భక్తి కంటే నాయిన మొండితనమే నన్ను ఎక్కువసార్లు గుడికి చేర్చింది. ఇది అమ్మ ముందు చెప్పను.

మేడ్చల్‌లో డిగ్రీలో చేరిన ఏడాది బాప్తిస్మం తీసుకుంటానని అయ్యగారిని అడిగాను. ఆయన సంతోషించి, ముందు ఇంట్లో చెప్పమ్మా అన్నారు. ఎప్పుడూ శామీర్‌పేట చెరువులో ఇచ్చేవారు కానీ, ఆ ఏడు నీళ్లు బాగా లోపలికి పోయి ఒడ్డంతా బురదైంది. తోట యజమాని వెంకటేశ్వరరావుగారిని అడిగితే, మా తోటలో బోరు నీళ్లు నిలవచేసే సిమెంటు హౌజు వాడుకోండి అన్నారు. ఆయన మా దేవుణ్ణి మొక్కేవాడు కాకపోయినా, ఆ మాటకు మా సంఘం నేటికీ ఆయన పేరు తలుచుకుంటుంది.

పందిరి కింద తీగ కడుతున్న నాయినకు చెప్పాను. చేతిలో పురికొస అలాగే ఉండిపోయింది.

"నేను పెంచుత అన్న. ఇచ్చేస్త అనలే. నీళ్లల్ల ముంచి, నేను పెట్టిన పేరు తీసేసి, నిన్ను వాళ్ల బిడ్డను జేసుకుంటరా?"

పేరు ఎవరూ మార్చరని చెప్పాను. నమ్మలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అదీ ఆయన పోలికే.

"గా రోజు మాటిచ్చింది నువ్వు నాయినా. నా తరఫున ఎవ్వరు ఇయ్యలే. నా మాట నేనే ఇయ్యాలె గద."

ఆయన మళ్లీ తీగ కట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు. పోనీ వచ్చే ఏడు తీసుకో అని అమ్మ అంది. నేను ఒప్పుకోలేదు కానీ, లోపల ఏడుపే. నీళ్లలో దిగడానికి ఆయన అనుమతి అక్కర్లేదు. అన్ని ఆదివారాలు సైకిలు తొక్కిన మనిషి ఆ ఒక్క ఆదివారం మొహం తిప్పుకుంటే మాత్రం నేను ఓర్చుకోలేను.

క్రిస్మస్‌కు ముందు ఆదివారం. పొగమంచు, ఎముకలు కొరికే చలి. లేచి చూస్తే నాయిన మంచం ఖాళీ. చూడలేక ఎటో పోయాడనుకున్నాను. తెల్లచీర కట్టుకుని, అమ్మ చెయ్యి పట్టుకుని తోటకు నడిచాను. సంఘమంతా హౌజు చుట్టూ నిలబడి పాడుతోంది. నాయిన లేడు.

హౌజులో వారం రోజులుగా నిలవున్న నీళ్లు, ఈ చలిలో మంచుగడ్డే అనుకుంటూ, పళ్లు బిగబట్టి మెట్టు దిగి కాలు పెట్టాను.

నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి.

బోరు నీళ్లు చలికాలంలో పైకొచ్చినప్పుడు వెచ్చగానే ఉంటాయి. నిలవుంటేనే చల్లబడతాయి. అంటే పాత నీళ్లు వదిలేసి, పాచి గీకి, తెల్లవారుజామున కరెంటు వచ్చీ రాగానే ఎవరో మోటరు వేసి హౌజు కొత్తగా నింపారు. మోటరు గది తాళంచెవి ఒక్కరి మొలతాడుకే ఉంటుంది.

నాకు అక్కడే ఏడుపొచ్చింది. అయ్యగారు భయమనుకుని భుజం తట్టారు. తర్వాత గొంతెత్తి, "పద్మజా" అని పిలిచి, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో నన్ను నీళ్లలో ముంచి లేపారు. కళ్లు తెరిస్తే మోటరు గది పక్కన నాయిన నిలబడి ఉన్నాడు. మోకాళ్ల దాకా తడిసిన పంచె, చేతులకు పాచి. నన్ను ఏ పేరుతో పిలుస్తారో వినడానికే ఆగినట్టున్నాడు.

దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. ఆ స్తోత్రంలో నాయిన కూడా ఉన్నాడు, దేవుడు ఏమీ అనుకోడు.

మెట్లెక్కి వస్తుంటే ఆయన అందరి మధ్య నుంచి దారి చేసుకుని వచ్చాడు. భుజాన తువ్వాలుంది. తీసి నా తల మీద వేశాడు.

"తుడుసుకో పద్మజా. సర్ది జేస్తది."