కుంతి కర్రకు తొడుగు

రెండు ఉక్కు రోలర్ల నడుమ రబ్బరు ముద్ద నలుగుతోంది. సన్యాసయ్య దాని మీద డబ్బాతో మసిపొడి చల్లుతున్నాడు. పొడి పొగలా లేచి అతని కనుబొమల్లో, చెవుల్లో, చొక్కా కుట్ల సందుల్లో చేరుతోంది. కత్తితో పొరను అడ్డంగా కోసి, మడతపెట్టి, మళ్లీ రోలర్లకు అందించాడు. కాసేపటికి ఆ పొర కాకిరెక్కలా నిగనిగలాడింది.

రాయగడ స్టేషను వెనక రేకుల షెడ్డు అది. కాగితం మిల్లులకు, గనుల లారీలకు కావలసిన రబ్బరు వాషర్లు, దిమ్మలు చేస్తారు. పెళ్లయిన కొత్తలో పార్వతీపురం నుంచి వచ్చిన సన్యాసయ్యకు అక్కడే జుట్టు నెరిసింది. ఆ నెరుపు మసి కింద పడి ఆదివారం నాడు తప్ప కనిపించదు.

మధ్యాహ్నం మిషను ఆగాక ఫోర్‌మన్ రమణమూర్తి దగ్గరకు వెళ్లి నిలబడ్డాడు.

"ఇంకో తొడుగు సేసుకుంతాను బాబూ."

"మళ్లీనా? మొన్నటిదానికేటయింది?"

"తడిరాయి మీద జారిపోతంది."

రైల్వే సమ్మె జరిగిన ఏడాది వానల్లో అతని భార్య కుంతి వీధి కుళాయి దగ్గర పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఎముక వంకరగా అతుక్కుంది. అప్పటినుంచీ చేతిలో కర్ర. కర్ర అడుక్కి సన్యాసయ్య మొదట చేసిన రబ్బరు తొడుగులో సుద్దపొడి ఎక్కువైంది. మెత్తగానే ఉంది గాని కొద్దిరోజులకే అరిగి ఊడిపోయింది. పంతం కొద్దీ రెండోదానిలో మసి దట్టించాడు. అది అరగలేదు. కొయ్యలా గట్టిపడి, రాతిని పట్టకుండా జారింది. కుంతి గోడ పట్టుకుని నిలదొక్కుకుంది. మరి గడప దాటలేదు.

"మసి తగ్గించి సూడు," అన్నాడు రమణమూర్తి. "మరీ తగ్గించీకు, మళ్లీ అరిగిపోద్ది."

సన్యాసయ్య చిన్న ముద్ద కలిపాడు. గంధకం వేసి, అచ్చులో కూరి, వేడి ప్రెస్సు కింద బిగించాడు. ఘాటైన ఆ వాసనలో నిలబడి రొమ్ము రుద్దుకున్నాడు. పొద్దుటినుంచీ అక్కడ బరువుగా ఉంది. ఎవరికీ చెప్పలేదు. తొడుగు చల్లారాక గోటితో నొక్కాడు. గోరు దిగింది. తీయగానే గుంట పూడింది.

సాయంత్రం వాన వెలిసింది. వీధి రాళ్లు మెరుస్తున్నాయి. సన్యాసయ్య కర్రకు తొడుగు బిగించి కుంతి చేతికిచ్చాడు. చేతుల మసి కడుక్కుందామని సబ్బు, నీళ్ల చెంబు తీసుకుని అరుగు మీద కూలబడ్డాడు.

"గురువమ్మ ఇంటికాడిదాకా ఎల్లిరా."

వీధి చివర ఉండే గురువమ్మే ఇన్నాళ్లూ వాళ్లకు నీళ్లు మోసిపెడుతోంది.

"పడిపోతేనో?"

"పడవులే. నాను సూస్తన్నాను గదేటి."

కుంతి కర్రను రాతి మీద ఆనించింది. కాస్త బరువు వేసింది. ఇంకాస్త వేసింది. కదల్లేదు. నడిచింది. మలుపు దగ్గర వెనక్కి చూస్తే సన్యాసయ్య చేతులు రుద్దుకుంటూ తలూపాడు.

"ఓలమ్మ! నువ్వే వచ్చీసినావేటే!" అంది గురువమ్మ. చాపేసింది. టీ పెట్టింది. ఇద్దరూ కబుర్లలో పడ్డారు.

తిరిగొస్తూ కుంతి దూరం నుంచే కేకేసింది.

"జార్నేదు మావా!"

సన్యాసయ్య గోడకు జారగిలి వీధివైపే చూస్తున్నాడు. దగ్గరకొచ్చి భుజం తట్టింది. మనిషి పక్కకు ఒరిగిపోయాడు.

ఆమె అరుపుకి వీధి వీధంతా పరుగెత్తుకొచ్చింది. నలుగురూ కలిసి అతణ్ణి లోపలికి మోసుకెళ్లారు. అరుగు మీద సబ్బుబిళ్ల ఉండిపోయింది, ఆరీ ఆరని నురుగులో నల్లగా నాలుగు వేళ్ల గుర్తులతో.