గుమ్మటం కింద వాన

లక్షా ఎనభై వేల మంది పట్టే సభామందిరం, దాని మీద కొండంత గుమ్మటం. బెర్లిన్‌లో ఇంకా పునాదైనా పడలేదు గానీ, లోపల పాటించాల్సిన రూల్స్ పుస్తకం మాత్రం అచ్చయిపోయింది. గాలి లెక్కలు నా వంతుకొచ్చాయి. అవి తేలగానే పెద్ద ఇంజనీరు లూడెకే గారి దగ్గరికి వెళ్లాను.

“అంతమంది ఊపిరి పైకెళ్లి, చల్లబడి, వానై కురుస్తుందండీ.”

“ఎవరి మీదయ్యా?”

“అందరి మీదా. మన మహానాయకుడి మీద కూడా.”

ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. “గొడుగులు తెచ్చుకుంటార్లే.”

“గొడుగులు గుమ్మం దగ్గరే అప్పగించి టోకెన్ తీసుకోవాలని మీరే రూల్ రాశారు కదండీ.”

లూడెకే రూల్స్ పుస్తకం తిరగేసి చూశారు. అచ్చయిన రూల్‌ని మార్చడం మా ఆఫీసులో ఎవరి తరమూ కాదు. చివరికి ఎర్ర పెన్సిల్ తీసి నా లెక్కల కింద రాశారు: “లోపల వాన కురవరాదు.”

సంతకం పెట్టి, ముద్ర కూడా వేశారు.