క్షమాపణల ఆదివారం

థేప్లా రొట్టెలు కాల్చి డబ్బాలో సర్దేసరికి వంటింటి కిటికీలోంచి వెలుతురు వచ్చింది. చాతుర్మాసంలో మా ఇంట్లో ఆకుకూర ముట్టరు కాబట్టి మెంతికూర లేని ఉత్త థేప్లాలే. మా అత్తగారికి కారం పడదు, మా ఆయనకు కారం లేనిదే ముద్ద దిగదు, మా అమ్మాయి ధ్రువీకి థేప్లాలంటేనే గిట్టదు కనుక మరమరాలు విడిగా వేయించాలి. కాచి చల్లార్చిన నీళ్ళు సీసాల్లో పోసి, ఆయన పూజకు కట్టుకునే పట్టుపంచె ఇస్త్రీ చేసి, అన్నీ రెండు చేతులా మోసుకుంటూ కిందికి దిగేసరికి ఆయన కారులో కూర్చుని హారన్ కొడుతున్నారు.

"ఛాయా, నువ్వు తయారయ్యేసరికి శంఖేశ్వర్ గుడిలో దేవుడు పడుకుంటాడు. పొద్దున్నే లేచి ఏం చేస్తావో నాకు అర్థం కాదు."

మా అత్తగారు ముందు సీట్లో జపమాలతో కూర్చుని ఉన్నారు. నేను వెనక, ధ్రువీకీ డబ్బాలకీ మధ్య ఇరుక్కున్నాను.

మా జైనుల పర్యూషణం ఎనిమిది రోజులూ ముగిసి, చివరి రోజు సంవత్సరి కూడా వెళ్ళిన మొదటి ఆదివారం. ఏటా ఈ రోజుల్లో మా వాళ్ళంతా ఒకరినొకరు క్షమాపణ అడుగుతారు. అహ్మదాబాద్ దాటేలోపే మా ఆయన ఫోన్ స్పీకర్ పెట్టారు. "మిచ్ఛామి దుక్కడం, పరేశ్ భాయ్. ఏడాదంతా తెలిసీ తెలియక మాటతో గానీ చేతతో గానీ మిమ్మల్ని నొప్పించి ఉంటే క్షమించాలి." అవతల పరేశ్ భాయ్ కూడా అదే మాట అప్పజెప్పాడు. ఆ వెంటనే గోడౌన్‌కు సరుకు ఎప్పుడు పంపుతున్నావని ఇద్దరూ వాదులాడుకున్నారు. తర్వాత మేనమామ, బ్యాంకు మేనేజరు, పోయినేడు పార్కింగ్ దగ్గర కొట్టుకున్నంత పని చేసిన కింది ఫ్లాటు ఆయన. విరమ్‌గామ్ రైల్వే గేటు దగ్గర కారు ఆగాక, "ఇంకెవరు మిగిలారు?" అని తనలో తానే అనుకున్నారు.

"మమ్మీ మిగిలింది, పప్పా," అంది ధ్రువీ.

ఆయన నవ్వారు. "మీ మమ్మీకి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాగా. చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టాను."

నేనూ నవ్వాను. ఇంట్లో జోకు పేలినప్పుడు నవ్వడం కూడా నా పనుల్లో ఒకటి.

నిజానికి ఏడాదిగా నేను ఆ ఒక్క మాట కోసమే కాచుకుని ఉన్నాను. పోయినేడు పర్యూషణంలో, మేమంతా బా అని పిలిచే మా అత్తగారు అఠాయి పట్టారు. ఎనిమిది రోజులూ కాచిన నీళ్ళు తప్ప ఏమీ పుచ్చుకోని ఉపవాసం. ఆవిడ పట్టుదలకు నేను నిజంగానే దణ్ణం పెట్టుకున్నాను. కానీ తపస్సు చేసే మనిషిని చూసి పుణ్యం దక్కించుకుందామని వచ్చేవాళ్ళకు పొద్దస్తమానం టీలూ ఫలహారాలూ అందించింది నేను. ఆవిడ కాళ్ళు పట్టింది నేను, చీరలు ఉతికింది నేను. సగంలో ఉండగా రాధన్‌పూర్ నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మ నీ కోసమే చూస్తోంది. తలుపు చప్పుడైతే చాలు, ఛాయా వచ్చిందా అంటోంది. ఒక్క పూట వచ్చి వెళ్ళు."

మా ఆయన ఏమన్నారో అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "బా ఉపవాసంలో ఉంటే ఇంటి కోడలు పుట్టింటికి పోయిందంటే నలుగురూ ఏమనుకుంటారు? మీ అమ్మకు జబ్బు కొత్తా? పారణా చేసి బా ఉపవాసం విడిచాక నేనే తీసుకెళ్తాను." ఆయన కసిరి కూడా చెప్పలేదు. కసిరి ఉంటే ఎదురు తిరిగేదాన్నేమో. భుజం మీద చెయ్యి వేసి చెప్పారు, నేను ఆగిపోయాను.

ఉపవాసం విడిచే పొద్దున హాలు నిండా చుట్టాలు. నేను పెసర కట్టు వడపోస్తున్నాను. తమ్ముడు మళ్ళీ ఫోన్ చేశాడు, ఏడుపు తప్ప మాట రాలేదు వాడికి. ఆయన వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేశారు. "ఇప్పుడు ఏడవకు. బా నోట్లో పారణా పడనీ." కళ్ళు తుడుచుకుని పళ్ళెం పట్టుకెళ్ళాను. ఆ రోజు తీసిన ఫోటోలో అందరూ ఆవిడ మీద చేతులు వేసి నవ్వుతుంటే, నేను పళ్ళెం పట్టుకుని పక్కన ఉన్నాను. మేము రాధన్‌పూర్ చేరేసరికి మా అమ్మను తీసుకెళ్ళిపోయారు. మంచం మీద దుప్పటి కూడా తీసేశారు.

ఆ తర్వాత ఆయన ఆ సంగతే ఎత్తలేదు. నేను ఎత్తితే, "చావు పుట్టుకలు మన చేతుల్లో ఉన్నాయా?" అన్నారు. నాకు పెద్ద ఆశేం లేదు. నిన్ను ఆపడం తప్పు అని ఒక్కసారి అంటే, అక్కడితో ఆ కోపం దించేసుకుందామనుకున్నాను. దించుకోవాలని నాకూ ఉంది. సంవత్సరి నాటికి కూడా విడవని కోపం జన్మజన్మలకీ కట్టేస్తుందని మునులు బసచేసే ఉపాశ్రయంలో మహారాజ్ సాహెబ్ ప్రవచనం చెబుతుంటే వెనక వరుసలో కూర్చుని వణికిపోయాను. మొన్న సంవత్సరి రోజు రాత్రి ఆయన ముందుకు వెళ్ళి నిలబడ్డాను. ఆయన ఫోన్లోంచి తల ఎత్తకుండా చేతులు కలిపి విడదీశారు.

శంఖేశ్వర్ చేరేసరికి ఎండ చురుక్కుమంటోంది. ఆయన స్నానం చేసి పంచె కట్టుకుని వచ్చారు. గుడి మెట్ల ముందు మా అత్తగారు అందరినీ ఆపారు. "లోపలికి వెళ్ళే ముందు మనలో మనం మనసులు కడుక్కోవాలి," అని ధ్రువీకి, కొడుక్కి, నాకు చేతులు జోడించి ఆ మాట అన్నారు. ఆవిడకు ఆ మాట మీద నమ్మకం ఉంది. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. నేను వంగి ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టాను.

"నిమేష్, నువ్వూ చెప్పు కోడలికి."

ఆయన నవ్వుతూ చేతులు జోడించారు. "మిచ్ఛామి దుక్కడం, ఛాయాబెన్ గారూ."

"దేనికి?" అన్నాను.

"దేనికంటే?"

"నన్ను దేనికి క్షమించమంటున్నారు? ఒక్కటి చెప్పండి."

ఆయన నిజంగానే ఆలోచించారు. అదే నా గుండె కోసేసింది. నుదురు చిట్లించి, ఏడాదంతా వెతికి, "మొన్న మీ వాళ్ళ ముందు పప్పులో ఉప్పెక్కువైందని అన్నాను, దానికా? పొద్దున హారన్ కొట్టినందుకా? సరే, రెంటికీ కలిపి," అన్నారు.

"పప్పా," అంది ధ్రువీ మెల్లగా. దానికి పద్నాలుగేళ్ళు, దానికి గుర్తుంది. ఆయన దాని వంక, నా వంక చూశారు. "గుడి ముందు ఈ పరీక్షలేమిటి? తిరిగి ఆ మాట అను, లోపలికి వెళ్దాం. పూజకు లైను పెరిగిపోతోంది."

"అనను. నేను క్షమించలేదు," అన్నాను.

గొంతు పెద్దది చేయలేదు. అయినా పక్కన చెప్పులు విప్పుతున్న ఇద్దరాడవాళ్ళు తలెత్తి చూశారు. మా అత్తగారు నా మోచెయ్యి పట్టుకున్నారు. "అంత మాట అనకమ్మా. ఏడాది దాటిన కోపం వాడికేం చెయ్యదు, నీ ఆత్మకే చుట్టుకుంటుంది. ఆ పాపం నీకే."

"నాకే రానివ్వండి, బా," అన్నాను. "మా అమ్మ కోసం నేను చేయగలిగింది ఇదొక్కటే."