ఏడో ముడి

నేను ఒక వలను. ప్రస్తుతం ఒక ఆనపకాయ పాదుకు పందిరిగా ఉంటున్నాను. తీగ కొస నా కన్నులోంచి దూరి పైకి వచ్చినప్పుడల్లా చక్కిలిగింత పెట్టినట్టుంటుంది. పొద్దున్నే తెల్లటి పూల మీద నిలిచిన మంచు ఒక్కో బొట్టుగా నా దారం వెంట జారుతుంది. అప్పుడు ఈ వయసులో నాకింత సుఖం ఎవరు రాసిపెట్టారా అనిపిస్తుంది. పాదు పెట్టినావిడ పేరు కస్తూరి. పెళ్లయి ఇంకా ఏడాది నిండలేదు. రోజుకు నాలుగుసార్లు వచ్చి పిందెలు చూసుకుంటుంది. ఐదోసారి వాళ్లాయన్ని కూడా తీసుకొచ్చి చూపిస్తుంది. ఆయన కూడా ప్రతిసారీ మొదటిసారి చూసినట్టే చూస్తాడు.

నన్ను అల్లింది రేవుపేట దానయ్య. నాలుగు వేళ్లు పట్టే కన్నుతో, వంజరం చేప కోసం, రెండు వానాకాలాల సాయంత్రాలు కూర్చుని అల్లాడు. కుర్రతనంలో ఆయన ఉత్త కాళ్లతో ఫుట్‌బాల్ ఆడినవాడు. వెదురు సూది కదులుతున్నంతసేపూ ఎవరికి ఎక్కడ గోల్ కొట్టాడో చెబుతూనే ఉండేవాడు. అందుకని సముద్రాన్ని చూడకముందే నేను ఆట సంగతులు విన్నాను.

తొమ్మిదేళ్లు సముద్రంలో పనిచేశాను. ఒకనాడు పెద్ద సొర ఒకటి నా నడుము చీల్చుకుని పోయింది. వేటకు ఇక పనికిరానని తేలినా దానయ్య నన్ను పారేయలేదు. ఆ రోజుల్లో మా ఊరి డిగ్రీ కాలేజీ గ్రౌండులో గోల్ స్తంభాలు ఉత్తవే ఉండేవి. గోల్ పడిందంటే బంతి సరుగుడు తోపులోకి పోయేది, ఆటలో సగం సేపు బంతిని వెతకడానికే సరిపోయేది. దానయ్య నన్ను కత్తిరించి, కొలతకు సరిపెట్టి, సముద్రం వైపు గోలుకు కట్టాడు. అటు చివరి గోలుకు పట్నం నుంచి కొత్త వల తెచ్చారు. అది తెల్లగా, దర్జాగా ఉండేది. మధ్యలో గ్రౌండంతా ఉంది కాబట్టి మా ఇద్దరికీ మాటలు కలవలేదు. నిరుటి ఆటల తర్వాత నా చోటికీ అలాంటిదే వచ్చింది, నేను కస్తూరి పెరట్లోకి చేరాను.

మా చుట్టుపక్కల కాలేజీలు నాలుగూ చిన్నవే. వాటి అసలు పేర్లు పొడుగ్గా ఉంటాయని మా పేట జనం సొంత పేర్లు పెట్టుకున్నారు. మాది రేవు కాలేజీ. జనపనార మిల్లు ఉన్న ఊళ్లోది మిల్లు కాలేజీ. మిగతావి కొండ కాలేజీ, సంత కాలేజీ. ఏడాదికోసారి శని, ఆదివారాల్లో ఈ నాలుగింటికీ పోటీ జరుగుతుంది. శనివారం రెండు ఆటలు, ఆదివారం ఫైనలు.

ఆటలైన మర్నాడు నాకు పండగలా ఉండేది. కాలేజీ అటెండర్ తాతారావు నన్ను మడతపెట్టి, సైకిలు వెనక కట్టి, రేవులోని పడవల పాకకు తెచ్చేవాడు. దానయ్య, తాతారావు, ఇంకో ఇద్దరు ముగ్గురు నన్ను ఒళ్లో పరుచుకుని చుట్టూ కూర్చునేవారు. చేతులు నన్ను కుడుతుంటే నోళ్లు ఆటను విప్పుతుండేవి. ఈ మనుషుల్లో ఒక విచిత్రం గమనించాను. శనివారం సాయంత్రం పది గజాల దూరం నుంచి కొట్టిన గోల్, సోమవారం పొద్దెక్కేసరికి ముప్పై గజాలకు పోతుంది. నేను అక్కడే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, పది గజాలే.

ఇప్పుడు నిరుటి ఆటల్లో ఆదివారం సంగతి చెప్పాలి.

నన్ను స్తంభాలకు కట్టే పని పోలరాజుది. మర బోటు మీద వేటకు పోయే కుర్రాడు. కస్తూరి మొగుడంటే ఇతనే. అప్పటికి వాళ్ల పెళ్లయి ఇరవై రోజులు. ఆ పొద్దున బోటు దిగీ దిగగానే తిన్నగా గ్రౌండుకు వచ్చాడు. ఒక్కో స్తంభానికి ఏడు ముడులు వేయాలి. కుడి స్తంభానికి ఆరు ముడులు ఎంచక్కా బిగించాడు. అడుగున ఏడోది వేస్తుండగా కంచె అవతల నుంచి కస్తూరి పిలిచింది. చేతిలో కారియరు, జడలో కనకాంబరాలు. పోలరాజు తల తిప్పి ఆమెనే చూస్తూ ముడి వేశాడు. కళ్లు లేనప్పుడు చేతులు తమకు బాగా అలవాటైన పనే చేస్తాయి. మర బోటు వల తోకకు జారుముడి వేస్తారు, ఒక్క లాగు లాగితే చేపలన్నీ బోటులో పడాలని. ఆ ముడే నా కాలికి పడింది. నేను చెప్పలేను కదా. అతను పరుగున వెళ్లి కారియరు మూత తీశాడు. పెసరట్లు. ఆ వాసనకు ఏడో ముడి సంగతి నేను కూడా కాసేపు మరిచిపోయాను.

ఫైనలు రేవుకూ మిల్లుకూ. మిల్లు కాలేజీ గోలీ సింహాద్రి, కస్తూరి సొంత తమ్ముడు. ఇంకో నాలుగు నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా చెరో గోల్‌తో సమానంగా ఉన్నారు. అప్పుడు తాతారావు కొడుకు సుందర్ కుడి పక్కగా దూసుకొచ్చి, బంతిని తన్ని, పట్టు తప్పి బోర్లా పడ్డాడు. బంతి గోల్‌లోకి రాలేదు. బయట, పక్కన, నా అడుగున తగిలింది. జారుముడి ఊడింది. నా అంచు పైకి లేచింది, బంతి నా కింద నుంచి దూరి లోపల ఆగింది. సుందర్ తలెత్తి చూసేసరికి బంతి వలలో ఉంది. ఎక్కడో మధ్యలో ఉన్న రిఫరీకీ అదే కనిపించింది. ఈల ఊదాడు. ఆ పక్కన ముళ్లకంచె ఉండబట్టి చూసేవాళ్లెవరూ లేరు. నేనూ సింహాద్రీ మాత్రమే చూశాం. నాకు నోరు లేదు. అతనికి ఉంది, కానీ ఎవరూ వినలేదు. గోల్ తిన్న గోలీలందరూ ఏదో ఒకటి చెబుతారని జనం నవ్వారు.

సోమవారం పాకలో శనివారం ఆటలతో మొదలుపెట్టారు. ఉత్త కాళ్లతో ఆడిన కొండ కాలేజీ కుర్రాళ్లను దానయ్య అరగంట మెచ్చుకున్నాడు. సంత కాలేజీ బ్యాక్ ఆటగాడు విరామంలో బటాణీలు తిని కడుపు పట్టుకుని కూర్చున్న వైనం తాతారావు నటించి చూపించాడు. ఆపైన సుందర్ గోలు. పొద్దున ఇరవై గజాలతో బయలుదేరి నలభైకి చేరింది. పోలరాజు కూడా నా ఒక చివర కుడుతూ నవ్వుతున్నాడు. కస్తూరి కాస్త ఎడంగా కూర్చుని పళ్లెంలో రొయ్యలు వలుస్తోంది.

తాతారావు ఆమె వైపు తిరిగాడు. "ఏటి కోడలా, మీ తమ్ముడు గోలీయా, గేటు కాపలావోడా? వచ్చినోడికల్లా దారి ఇచ్చీసినాడు."

"కాపలావాడైతే టిక్కెట్టు అడిగేవాడు మావయ్యా. మీవాడు దొడ్డిదారిన వచ్చాడు," అంది కస్తూరి, రొయ్య మీంచి చూపు తీయకుండా.

అందరూ నవ్వారు, తాతారావు కూడా. కస్తూరి మాత్రం నవ్వలేదు. అసలు సంగతి ఆమె నెమ్మదిగా చెప్పింది. మంగళవారం ఇదే గ్రౌండులో యూనివర్సిటీ జట్టుకు ఎంపిక. సింహాద్రికి అది ఆఖరి ఏడు. బంతి పక్క నుంచి వచ్చిందని అతనంటే, గోల్ వదిలేసింది చాలక అబద్ధం కూడానా అని వాళ్ల ఆటల మాస్టారు జాబితాలోంచి అతని పేరు కొట్టేశారు. చేతి తొడుగులు పొయ్యిలో పెడతానంటే వాళ్లమ్మ వాటిని బియ్యం డబ్బాలో దాచింది. "వాడు చిన్నప్పటి నుంచీ బెల్లం దొంగిలించలేదన్నది తప్ప ఏ అబద్ధం ఆడినా దొరికిపోయేవాడు. ఇది అబద్ధం కాదు," అని ఊరుకుంది.

రాత్రి ఈ మాటే చెబితే పోలరాజు వేళాకోళం చేశాడట. కూరలో ముళ్లున్న ముక్కలన్నీ తన కంచంలోకే వచ్చాయని అతనే మాకు చెప్పాడు.

అలా చెబుతూ నన్ను ఒళ్లోకి లాక్కుంటున్నాడు. అతని వేళ్లు నా కుడి అడుగు మూలకు వచ్చాయి. అక్కడ చిరుగు లేదు. తాడు ఒకటి వేలాడుతోంది, జారుముడి మెలిక దానిలో ఇంకా అలాగే బిరుసుగా నిలిచి ఉంది. పోలరాజు చెయ్యి ఆగిపోయింది.

అతని వేలి కొసల్లో నాడి కొట్టుకోవడం నాకు తెలిసింది. ఆ మెలికను బొటనవేలితో సాపు చేసేస్తే చాలు. అందరూ గజాల లెక్కలో ఉన్నారు, ఎవరూ చూడటం లేదు. రేవుకు పదకొండేళ్ల తర్వాత వచ్చిన కప్పు, తాతారావు కొడుకు పేరు, నిన్న తానే భుజాల మీద సుందర్‌ను ఎత్తుకుని వేసిన గెంతులు. అతను కస్తూరి వైపు చూశాడు. ఆమె చూడటం లేదు. ఆమె చూసి ఉంటే పని సులువయ్యేదేమో.

"ఈ ముడి నానే ఏసినాను," అన్నాడు.

"ఏ ముడి?" అన్నాడు దానయ్య.

పోలరాజు నన్ను ఎత్తి పట్టుకున్నాడు. "బోటు తోక ముడి. ఆదోరం పొద్దున్న నాకు ధ్యాస నేదు. సింహాద్రి సెప్పినాది నిజమే."

దానయ్య తాడు అందుకుని అటూ ఇటూ తిప్పాడు. "నీ ధ్యాస ఎక్కడున్నాదో పేటంతా సూసినాది గానీ, ముడి ఎవడూ సూడలేదు."

తాతారావు ఒప్పుకోలేదు. జారుముడి అయినంత మాత్రాన బంతికే ఊడుతుందని ఏముంది అన్నాడు. దాంతో నన్ను పాక గుంజలకు కట్టారు. అదే మూలకు అదే ముడి వేయించాడు దానయ్య. పోలరాజు పేట పిల్లల బంతి ఒకటి తెచ్చి, పక్క నుంచి తన్నాడు. బంతి నా కింద దూరి, దొర్లుకుంటూ పోయి కస్తూరి రొయ్యల పళ్లేనికి తగిలింది. ఇంకోసారి అన్నాడు తాతారావు. మళ్లీ అంతే. మూడోసారి, వీళ్లకు తన్నడం రాదంటూ తనే లుంగీ ఎగ్గట్టి తన్నాడు. ఊడకూడదని ఎంత మెల్లగా తన్నాడో నాకు తెలుసు. ఊడింది.

తాతారావు వెళ్లి ఇసుకలో కూర్చున్నాడు.

"రిఫరీ ఊదీసినాడు. కప్పు ప్రిన్సిపాల్ గారి బీరువాలో ఉన్నాది. ఇప్పుడేటి సేత్తాం?"

"కప్పు ఎవడడిగినాడు?" అన్నాడు దానయ్య. "రేపు పొద్దున్న ఆ గుంటడు బస్సెక్కాల. అంతే."

మిల్లు కాలేజీ ఆటల మాస్టారి నంబరు తాతారావు దగ్గరే ఉంది, వచ్చిన జట్లకు భోజనాలు చూసేది ఆయనే కాబట్టి. పోలరాజు ఫోనుకు చెయ్యి చాచాడు. తాతారావు ఇవ్వలేదు. తనే లేచి, చొక్కా సర్దుకుని, అవతలి మనిషి ఎదురుగా ఉన్నట్టు నిటారుగా నిలబడ్డాడు.

"సార్, నేను తాతారావునండి, రేవు కాలేజీ అటెండర్ని. నిన్న మీ గోలీ తప్పేమీ లేదండి. మా వల పక్కన ఊడిపోయింది, బంతి బయట నుంచి దూరిందండి. ఇప్పుడే మూడుసార్లు కొట్టి చూశాం." ఎవరు కొట్టారని అడిగినట్టున్నారు. "కొట్టింది మా అబ్బాయేనండి. అది గోల్ కాదండి."

ఆ తర్వాత మూడుసార్లు "అలాగేనండి" అన్నాడు. ఫోను జేబులో పెట్టుకుని, మాస్టారు కుర్రాణ్ణి తీసుకొస్తానన్నారనీ, కానీ ఎంపిక చేసేవాళ్ల ముందు కూడా ఈ మాట చెప్పాలన్నారనీ అన్నాడు. తాను చెబుతానన్నాడు పోలరాజు. కస్తూరి వలిచిన రొయ్యల పళ్లెం ఎత్తుకుని ఇంటికి వెళుతూ, తాతారావు మావయ్య ఈ పూట తమ ఇంట్లోనే తినాలని చెప్పింది.

మంగళవారం పోలరాజు నన్ను కట్టాడు. అది అయ్యేవరకూ కస్తూరిని గ్రౌండు ఛాయలకు రానివ్వలేదు దానయ్య. తర్వాత పోలరాజు బల్ల దగ్గర కూర్చున్న ముగ్గురు పెద్దమనుషుల ముందుకెళ్లి, చేతులు కట్టుకుని తన తప్పు చెప్పాడు. గెలుపు మారదని వాళ్లన్నారు. ఒకాయన మాత్రం నవ్వాపుకుంటూ కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

సాయంత్రానికి ఎంపికైన వాళ్ల పేర్లు చదివారు. సింహాద్రి ఉన్నాడు, సుందర్ కూడా ఉన్నాడు. కానీ నేను చెప్పదలచుకున్నది అంతకు ముందు సంగతి.

సింహాద్రి మీదికి పదిహేను బంతులు కొట్టించారు. పద్నాలుగు నా దాకా రాలేదు. వల పుట్టిందే పట్టడానికి. ఏమీ పట్టకుండా ఖాళీగా నిలబడి అంత సంతోషపడటం నాకు అదే మొదలు. ప్రతి బంతికీ కస్తూరి పోలరాజు చొక్కా పట్టి లాగుతూనే ఉంది. పదిహేనోది సుందర్ కొట్టాడు. నేల బారుగా, ఎడమ మూలకు, నిజంగానే ఇరవై గజాల నుంచి. సింహాద్రి పూర్తిగా చాచుకున్నా వేళ్లకు అందలేదు. బంతి గోల్ నోట్లోంచి వచ్చి నా గుండెల్లో పడింది.

జనమంతా తాతారావు వైపు చూశారు. ఆయన చప్పట్లు కొట్టలేదు. నెమ్మదిగా గ్రౌండు చుట్టూ నడిచి వచ్చి, నా పక్కన వంగి, అడుగు ముడి పట్టుకుని లాగాడు. ఊడలేదు. అటు స్తంభానికి వెళ్లి దాన్నీ లాగాడు. అదీ ఊడలేదు. అప్పుడు నడుం నిటారుగా చేసుకుని, చేతుల ఇసుక లుంగీకి తుడుచుకుని, కొడుక్కీ సింహాద్రికీ కలిపి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు.